వేడినీళ్ళ గుంట నుంచి మా తాత రిపోర్టు దాకా

ఈ సంవత్సరం బడి సంచికకు చరిత్ర వ్యాసం రాయమని సోషల్ సార్ చెప్పినప్పుడు మా క్లాసులో సగం మంది హంపి అన్నారు, మిగిలిన సగం మంది కృష్ణదేవరాయలు అన్నారు. మా ఊరి గుట్ట గురించి రాస్తామని ఇద్దరు ముందే చెప్పి పెట్టుకున్నారు. నాకు ఏమీ మిగల్లేదు. లేచి నిలబడి, "వేడినీళ్ళలో బతికే వైరస్‌ల చరిత్ర రాస్తాను సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు గానీ, "అది సైన్సు కదమ్మా, చరిత్ర ఎట్లా అవుతుంది?" అని అడిగారు. నేను అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

జవాబు మా ఇంట్లో ఒక పాత ఫోనులో ఉంది. 2021 మే నెలలో వచ్చిన మెసేజ్ అది.

అప్పుడు నాకు 11 ఏళ్ళు. రెండో వేవ్ నడుస్తా ఉంది. మా వీధిలో ఒక్కొక్క ఇంటి తలుపే మూసుకుంటా వచ్చింది. మా తాతకు మొదట జ్వరం, తర్వాత దగ్గు, ఆ తర్వాత ఆయాసం. అవ్వ రోజుకు నాలుగు సార్లు పసుపు వేసి ఆవిరి పట్టించింది. ఇల్లంతా వేడినీళ్ళే తాగినాం. వేడికి వైరస్ చస్తుందని అందరూ చెప్పేవాళ్ళు, మేమూ నమ్మినాం. ముక్కులో పుల్ల పెట్టి నమూనా తీసుకుపోయారు. రిపోర్టు రెండు రోజుల్లో వస్తుందన్నారు. రాలేదు. ఆయాసం ఎక్కువై జిల్లా కేంద్రంలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయినాం. మూడో రోజు తెల్లవారుజామున తాత పోయినాడు. రిపోర్టు రాలేదు కాబట్టి అనుమానం కేసు అన్నారు. అనుమానం కేసుకు కూడా అదే పద్ధతి. ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇచ్చారు. నాయన, చిన్నాయన ఆ తెల్ల డ్రెస్సులు వేసుకుని దూరంగా నిలబడ్డారు. అవ్వ మొహం చూడలేదు. మాకు పాలు పోసే ఆమె పదిహేను రోజులు మా వాకిలి తొక్కలేదు.

అంతా అయిపోయిన ఐదో రోజు నాయన ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. నేనే చదివి చెప్పాను. నెగిటివ్.

అవ్వ నన్ను మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. "అంటే లేదనా?" అంది. లేదనే అవ్వా, అన్నాను. ఆమె ఇంకేమీ మాట్లాడలేదు. అప్పటినుంచి నా బుర్రలో ఒకటే ప్రశ్న. ఆ పుల్ల ఎక్కడికి పోయింది, ఎవరు ఏం చేశారు, ఎట్లా చూసి లేదని రాశారు? ఈ ప్రశ్న పట్టుకుని పోతే చివరకు నేను చేరింది ఒక వేడినీళ్ళ గుంటకు. అందుకే ఇది చరిత్ర అని నా వాదన.

ముందు వైరస్ అనే మాట సంగతి కొంచెం చెప్పి ముందుకు పోతాను. లాటిన్‌లో ఆ మాటకు విషం అని అర్థం. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ, 1898లో నెదర్లాండ్స్‌లో బైయెరింక్ పొగాకు ఆకులకు వచ్చే తెగులు మీద పరిశోధన చేశారు. బ్యాక్టీరియాను ఆపే సన్నని జల్లెడలో కూడా ఆ తెగులు ఆగలేదు. దాన్నే తర్వాత వైరస్ అన్నారు. మన దేశంలో ఇంకో ముచ్చట ఉంది. 1896లో ఆగ్రాలో పనిచేసే హాంకిన్ అనే ఇంగ్లీషు ఆయన, గంగ, యమున నీళ్ళలో కలరా క్రిములు త్వరగా చస్తున్నాయని చూశాడు. అదే నీళ్ళు కాచి చల్లార్చి వేస్తే చావడం లేదు. అంటే ఆ నీళ్ళలో ఉన్న ఏదో ఒక శక్తి వేడికి పోతున్నది. బ్యాక్టీరియాను తినే వైరస్‌లు ఉంటాయని 1917లో డెరెల్ అనే ఆయన స్పష్టంగా చెప్పిన తర్వాత, హాంకిన్ చూసింది కూడా అదే అయ్యుండవచ్చని చాలా మంది అనుకున్నారు. ఇక్కడ నాకు కావలసిన విషయం ఒకటే. వేడి తగిలితే వైరస్ పోతుంది. మా అవ్వ అన్నదీ అదే, హాంకిన్ చూసిందీ అదే. ఇద్దరిదీ తప్పు కాదు. కానీ అది అన్ని వైరస్‌ల సంగతీ కాదు.

ఇప్పుడు వేడినీళ్ళ దగ్గరకు వస్తాను. మా పెద్దమ్మ వాళ్ళు ఒకసారి చలికాలంలో భద్రాచలం పోయి వచ్చారు. అక్కడికి దగ్గరలో గుండాల అనే ఊరు ఉంది. గోదావరి ఒడ్డున ఇసుక చేత్తో తవ్వితే వేడినీళ్ళు ఊరుతాయి. దాన్ని ఉష్ణగుండం అంటారు. బ్రహ్మ, విష్ణువు, మహేశ్వరుడు చలికాలంలో వచ్చి అక్కడ స్నానం చేస్తారని చెప్పుకుంటారు. పక్కన పారే గోదావరి చల్లగా ఉంటే గుంటలో నీళ్ళు వేడిగా ఎట్లా ఉంటాయని పెద్దమ్మ ఇప్పటికీ ఆశ్చర్యపోతుంది. ఆ దిక్కునే మణుగూరు ఉంది. అక్కడ బొగ్గు కోసం బోర్లు వేస్తే కొన్నిచోట్ల వేడినీళ్ళు తన్నుకొచ్చాయి. ఆ వేడితో కరెంటు తీయవచ్చని సింగరేణి వాళ్ళు పగిడేరు దగ్గర 20 కిలోవాట్ల చిన్న ప్లాంటు పెట్టారు. గోదావరి లోయ కింద అగ్నిపర్వతం ఏమీ లేదు. వాన నీళ్ళు రాతి పగుళ్ళలోంచి చాలా లోతుకు దిగి, భూమి లోపలి వేడికి కాగి, ఇంకో పగులులోంచి పైకి వస్తాయి. పెద్దమ్మకు ఇది చెబితే, "అయితే దేవుడే పొయ్యి పెట్టినట్టు కదా" అంది. నేను వాదించలేదు.

అమెరికాలో ఎల్లోస్టోన్ అనే చోట మాత్రం కింద నిజంగా కరిగిన రాయి ఉంది. అక్కడ నీళ్ళు చేయి పెట్టేటట్టు ఉండవు, కుతకుతా ఉడుకుతాయి. 1872లోనే దాన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. 1964లో థామస్ బ్రాక్ అనే సూక్ష్మజీవుల శాస్త్రవేత్త అటు పోయాడు. వేడినీళ్ళు పారే కాలువల్లో రంగురంగుల నాచు లాంటిది కనిపించింది. ఊట కళ్ళకు దగ్గరగా, వేడి బాగా ఎక్కువ ఉన్నచోట గులాబీ రంగు పోగులు వేలాడుతున్నాయి. అప్పటి పుస్తకాల ప్రకారం 73 డిగ్రీలు దాటితే బతికేది దాదాపు ఏమీ లేదు. మరి ఈ గులాబీ పోగులు ఏమిటి? ఇంతకుముందు అక్కడికి వచ్చిన వేలమంది కూడా వాటిని చూసే ఉంటారు కదా. రంగు బాగుందని ఫోటో తీసుకుని పోయి ఉంటారు.

బ్రాక్ ప్రతి ఎండాకాలం అక్కడికి పోయి పరిశోధన చేశాడు. 1966లో హడ్సన్ ఫ్రీజ్ అనే విద్యార్థి ఆయనతో ఉన్నాడు. ఇంకా డిగ్రీ చదువుతున్న పిల్లవాడు, అంటే మా కంటే నాలుగైదేళ్ళు పెద్ద, అంతే. మష్రూమ్ స్ప్రింగ్ అనే ఊట నుంచి తెచ్చిన నమూనాలో 70 డిగ్రీల వేడిలో హాయిగా పెరిగే బ్యాక్టీరియా దొరికింది. దానికి థర్మస్ అక్వాటికస్ అని పేరు పెట్టి 1969లో ప్రకటించారు. ఎవరైనా తీసుకుని పరిశోధన చేసుకోవచ్చని ఆ బ్యాక్టీరియాను అమెరికాలోని సూక్ష్మజీవుల భాండాగారంలో పెట్టేశారు. డబ్బు ఆలోచన వాళ్ళకు లేదు.

ఇక్కడ గుడ్డు సంగతి చెప్పాలి. గుడ్డును ఉడకబెడితే తెల్లసొన గట్టిపడుతుంది. మళ్ళీ చల్లబెట్టినా పచ్చి గుడ్డు కాదు. ఎందుకంటే అందులోని ప్రొటీన్ వేడికి రూపం పోగొట్టుకుంది. మన ఒంట్లో పనులు చేసే ఎంజైములు కూడా ప్రొటీన్లే. అందుకే జ్వరం మితిమీరితే ప్రమాదం. థర్మస్ అక్వాటికస్ ఎంజైములకు మాత్రం ఆ భయం లేదు. అది పుట్టి పెరిగిందే ఉడుకు నీళ్ళలో.

1983లో కాలిఫోర్నియాలో కేరీ మల్లిస్ అనే రసాయన శాస్త్రవేత్త రాత్రిపూట కారు నడుపుతూ ఒక ఆలోచన చేశాడు. డీఎన్ఏ అనేది రెండు పోగుల తాడు. వేడి చేస్తే పోగులు విడిపోతాయి. చల్లబరచి ఒక ఎంజైమును వదిలితే, ఒక్కొక్క పోగుకు జత పోగు అల్లుతుంది. ఒకటి రెండయింది. మళ్ళీ వేడి చేస్తే నాలుగు, మళ్ళీ చేస్తే ఎనిమిది. జెరాక్స్ తీసిన కాగితాలన్నిటినీ మళ్ళీ జెరాక్స్ తీసినట్టు. చదరంగం పలకలో గింజలు అడిగిన కథ గుర్తుంది కదా, అదే లెక్క. 30 సార్లు చేస్తే ఒక్క డీఎన్ఏ ముక్క 107 కోట్లు దాటుతుంది. 40 సార్లు చేస్తే లక్ష కోట్లు దాటుతుంది. నేను నోటు పుస్తకంలో వేసి చూశాను, నిజమే.

ఇదే పీసీఆర్. అయితే మొదట్లో ఒక తంటా ఉండేది. ప్రతిసారీ 95 డిగ్రీల దాకా వేడి చేయాలి కదా, ఆ వేడికి ఎంజైము ఉడికి పోయేది. ప్రతి చుట్టుకూ కొత్త ఎంజైము పోస్తూ కూర్చోవాలి. అప్పుడు మల్లిస్ పనిచేసే సీటస్ కంపెనీ వాళ్ళకు ఎల్లోస్టోన్ బ్యాక్టీరియా గుర్తొచ్చింది. భాండాగారం నుంచి తెప్పించుకున్నారు. దానికి 35 డాలర్లు అయ్యిందని రాస్తారు. దాని ఎంజైముకు ట్యాక్ అని పేరు. ఒకసారి పోస్తే చాలు, 40 చుట్లు తిరిగినా ఉడకదు. 1991లో పీసీఆర్ హక్కులను రోష్ అనే పెద్ద కంపెనీకి 30 కోట్ల డాలర్లకు అమ్మారు. 1993లో మల్లిస్‌కు నోబెల్ వచ్చింది. బ్రాక్‌కు ఒక్క డాలరు రాలేదు, పార్కుకూ రాలేదు.

ఇది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. మా సోషల్ పాఠంలో పసుపు సంగతి ఉంది. గాయాలకు పసుపు పెట్టడం మీద 1995లో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయానికి పేటెంట్ ఇచ్చారు. మన సీఎస్ఐఆర్ వాళ్ళు పాత గ్రంథాలు చూపించి వాదిస్తే 1997లో అది రద్దయింది. మా అవ్వ పసుపుకు పేటెంటు అంటే ఎట్లా ఉంటుంది? అదే 1997లో ఎల్లోస్టోన్ పార్కు కూడా మొదటిసారి ఒక కంపెనీతో, మా ఊటల నుంచి తీసుకున్న దానిలో లాభం వస్తే మాకూ వాటా ఇవ్వాలి అని ఒప్పందం రాసుకుంది. మన దేశంలో 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. గుండాల ఇసుకలో నుంచి రేపు ఎవరైనా ఏదైనా తీసుకుపోతే అడగడానికి ఇప్పుడు ఒక చట్టం ఉంది. అయితే బ్రాక్ ఎప్పుడూ బాధ పడలేదట. నేనైతే పడేదాన్ని.

అసలు వైరస్‌ల మాటే ఇంకా రాలేదని మీరు అనుకుంటూ ఉంటారు. వస్తున్నాను.

బ్యాక్టీరియా ఉన్నచోట దాని మీద బతికే వైరస్ ఉంటుంది. మరి ఉడుకునీళ్ళలో బ్యాక్టీరియా ఉంటే వైరస్ ఉండదా? ఈ ప్రశ్న పట్టుకున్నవాళ్ళలో ముందు చెప్పుకోవలసినవాడు జర్మనీలో మ్యూనిక్ దగ్గర పనిచేసిన వోల్ఫ్రామ్ జిల్లిగ్. దానికి కొంచెం ముందు, 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ అనే ఇద్దరు ఒక పెద్ద మాట చెప్పారు. సూక్ష్మజీవులన్నీ బ్యాక్టీరియా కావు, చూడ్డానికి అట్లా ఉన్నా వేరే కులం ఒకటి ఉంది అన్నారు. దాన్ని ఇప్పుడు ఆర్కియా అంటారు. ఉడుకు ఊటల్లో ఎక్కువగా ఉండేవి ఇవే. వాటిలో సల్ఫోలోబస్ అని ఒకటి ఉంది. దానికి 80 డిగ్రీల వేడి కావాలి, నీళ్ళు బాగా పుల్లగా కూడా ఉండాలి. మా అవ్వ భాషలో చెప్పాలంటే పొయ్యి మీద మరుగుతున్న చింతపండు రసం. అందులో కాపురం!

జపాన్‌లో బెప్పు అనే ఊరు వేడినీళ్ళ స్నానాలకు పేరు పొందింది. అక్కడి సల్ఫోలోబస్‌లో జిల్లిగ్ బృందానికి ఒక వైరస్ దొరికింది, 1984లో దాని గురించి రాశారు. అది నిమ్మకాయ ఆకారంలో ఉంటుంది. మామూలుగా ఆతిథ్యం ఇచ్చిన కణం డీఎన్ఏలోనే దాక్కుని గమ్మున ఉంటుంది. అతినీలలోహిత కిరణాలు పడితే మాత్రం, ఇల్లు కూలబోతుందని తెలిసినట్టు, వేలకొద్దీ బయటికి వస్తుంది. ఐస్‌లాండ్ ఊటల్లో కర్రల్లాంటి వైరస్‌లు దొరికాయి. 2015లో అమెరికా, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు అలాంటి ఒక కర్ర వైరస్‌ను చాలా శక్తిగల సూక్ష్మదర్శినిలో చూశారు. దాని డీఎన్ఏ మన డీఎన్ఏ లాగా లేదు. ఇంకా బిగుతుగా, పొట్టిగా పురి పెట్టుకుని, దాని మీద ప్రొటీన్ గట్టిగా చుట్టుకుని ఉంది. అంత వేడిలో, అంత పులుపులో చెడిపోకుండా ఉండటానికి అదీ దాని ఉపాయం. బయటికి వచ్చేటప్పుడు ఇది కణం మీద ఏడు ముఖాల గోపురాలు లేపుతుంది. గోపురాలు పువ్వులా విచ్చుకుంటే అందులోంచి వైరస్‌లు బయటపడతాయి. హంపి గోపురాల గురించి రాసినవాళ్ళు ఈ గోపురాల గురించి కూడా ఒకసారి చదవండి!

నాకు అన్నిటికంటే నచ్చింది ఇటలీ వైరస్. నేపుల్స్ దగ్గర పొజ్జువోలిలో 90 డిగ్రీలకు అటూ ఇటూ ఉండే ఊట నుంచి దొరికింది. 2005లో డేవిడ్ ప్రాంగిష్విలి బృందం దాని గురించి ప్రకటించింది. ఇది కూడా కణంలోంచి నిమ్మకాయలాగే బయటికి వస్తుంది. వచ్చిన తర్వాత, ఏ కణం సాయం లేకుండా, నీళ్ళలో ఉండగానే రెండు కొసల నుంచి రెండు తోకలు మొలుస్తాయి. మా సైన్సు పుస్తకంలో ఏముంది? వైరస్ కణం బయట ఉంటే జీవం లేని రేణువు అని ఉంది. పరీక్షలో అట్లానే రాయాలి, రెండు మార్కులు. కానీ జీవం లేని రేణువుకు తోకలు మొలవడం ఏమిటి? ఇంకో విచిత్రం ఏమంటే, ఊటకు దగ్గరగా వేడి ఉంటేనే తోకలు పెరుగుతాయి. చల్లగా ఉంటే ఊరికే ఉంటుంది. వేడికి చావడం కాదు, వేడి తగిలితేనే కదులుతుంది.

ఎల్లోస్టోన్‌లోనే 2004లో ఇంకొక వైరస్ రూపం బయటపడింది. మోంటానా స్టేట్ విశ్వవిద్యాలయంలో మార్క్ యంగ్ వాళ్ళు పనిచేశారు. మనుషులకు జలుబు చేసే అడినోవైరస్, బ్యాక్టీరియాను పట్టే ఒక వైరస్, ఈ ఉడుకునీళ్ళ వైరస్, మూడింటి పెంకుల ఇటుకలు ఒకే తీరులో ఉన్నాయి. మనిషికీ, బ్యాక్టీరియాకూ, ఆర్కియాకూ ఎంత దూరం! అయినా మూడు చోట్లా ఇటుక ఒక్కటే. మూడు కులాలూ వేరుపడక ముందే ఈ వైరస్‌ల పూర్వీకులు ఉండేవేమో అని చాలా మంది శాస్త్రవేత్తలు దీన్నిబట్టి ఆలోచిస్తున్నారు. మా ఊరి గుట్ట మీద 1963–64లో నాగరాజరావు గారు తవ్వకాలు చేసినప్పుడు కొత్తరాతియుగం వాళ్ళ ఇళ్ళు, గొడ్డళ్ళు, కుండ పెంకులు దొరికాయి. కుండ పెంకు చూసి ఎవరు ఎవరికి చుట్టమో చెప్పినట్టే ఇది కూడా. సార్, ఇది చరిత్ర కాదా?

ఇప్పుడు మా ఇంటికి సంబంధించిన ఇంకో సంగతి. మా నాయన మిరప వేస్తాడు. మా రైతులకు వైరస్ అనే మాట కరోనా కంటే ముందే తెలుసు. ఆకు ముడుచుకుపోయి, మొక్క గిడసబారితే "బొబ్బర వచ్చింది, వైరస్ పట్టింది" అంటారు. పట్టిన మొక్కను పీకి పారేయడం తప్ప దారి లేదు. ఒక ఏడాది మా అర ఎకరం అట్లా పోయింది. కాబట్టి నాయనకు వైరస్ అంటే శత్రువు, అంతే.

నేను నాయనకు ఎల్లోస్టోన్ గడ్డి కథ చెప్పాను. అక్కడ ఊటల పక్కన కాళ్ళు కాలే నేలలో ఒక గడ్డి పెరుగుతుంది. మన సామలు, వరిగలు ఏ జాతివో ఆ గడ్డిని కూడా మొదట ఆ జాతిలోనే లెక్కవేశారు. ఆ గడ్డి లోపల ఒక బూజు ఉంటుంది. గడ్డిని, బూజును విడదీసి పెంచితే 38 డిగ్రీలు దాటితే రెండూ బతకవు. కలిసి ఉంటే బతుకుతాయి. ఇక్కడిదాకా ముందే తెలుసు. 2007లో మరిలిన్ రూసింక్, ఆమెతో పనిచేసినవాళ్ళు బూజు లోపల ఇంకా ఏముందో చూశారు. ఒక వైరస్ ఉంది. ఆ వైరస్‌ను తీసేసి బూజును మాత్రం గడ్డికి పట్టించారు. గడ్డి వేడికి చచ్చిపోయింది. మళ్ళీ వైరస్‌ను చేర్చారు. 65 డిగ్రీల వేడి నేలలో కూడా గడ్డి నిలబడింది. అంటే గడ్డిని కాపాడుతున్నది బూజు, బూజుకు ఆ బలం ఇస్తున్నది వైరస్. అదే జంటను టమాటా మొక్కలకు పట్టిస్తే అవి కూడా వేడికి ముందుకంటే బాగా తట్టుకున్నాయి.

నాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మిరపకు పట్టిస్తే ఏమవుతుందంట?" అని అడిగినాడు. ఏప్రిల్, మే నెలల్లో మా బళ్ళారి ఎండ ఎట్లా ఉంటుందో బయటివాళ్ళకు తెలియదు. మధ్యాహ్నం చేను గట్టు మీద చెప్పుల్లేకుండా నడవలేం. మిరప మీద చేసిన ప్రయోగం నేను చదవలేదని చెప్పాను. "చదువుకుని నువ్వే చెయ్యి" అన్నాడు. ఎగతాళికి అన్నాడో నిజంగా అన్నాడో తెలియలేదు.

ఇక తాత రిపోర్టు. కరోనా వైరస్‌లో డీఎన్ఏ ఉండదు, ఆర్ఎన్ఏ ఉంటుంది. పీసీఆర్‌కు డీఎన్ఏ కావాలి. అందుకని ముందు ఆర్ఎన్ఏను చూసి డీఎన్ఏ రాసే ఇంకో ఎంజైము వాడతారు. 1970లో టెమిన్, బాల్టిమోర్ అనే ఇద్దరు విడివిడిగా దాన్ని కనిపెట్టారు. దొరికింది ఎక్కడ? వైరస్‌లలోనే. అంటే ఒక వైరస్‌ను పట్టుకోవడానికి ఇంకో వైరస్ సొత్తు, ఒక ఉడుకునీళ్ళ బ్యాక్టీరియా సొత్తు, రెండూ కలిపి వాడుతున్నారు. ఎల్లోస్టోన్ ఊట నీళ్ళలోని వైరస్‌ల డీఎన్ఏను వెతికితే ఈ రెండు పనులూ ఒక్కటే చేసే ఎంజైము కూడా దొరికిందని 2012లో రాశారు. హైదరాబాదులో సీసీఎంబీ వాళ్ళు 2020లో కరోనా పరీక్షలు చేశారు. నమూనా పుల్లను ద్రవంలో ముంచకుండా పొడిగానే తెచ్చి, మధ్యలో ఆర్ఎన్ఏను వేరుచేసే పని లేకుండా త్వరగా తేల్చే పద్ధతి కూడా వాళ్ళే తయారు చేశారు. ఆ సంవత్సరం నవంబరులో దానికి ఐసీఎంఆర్ అనుమతి వచ్చింది. త్వరగా, అనే మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

సీటీ విలువ అని అప్పట్లో అందరూ మాట్లాడుకునేవాళ్ళు. అది ఎన్ని చుట్లు తిరిగితే వైరస్ కనిపించింది అనే లెక్క. 20 చుట్లకే కనిపిస్తే నమూనాలో ఎక్కువ ఉంది, 35 చుట్లకు కనిపిస్తే తక్కువ ఉంది. ఎన్ని చుట్లు తిప్పినా కనిపించకపోతే నెగిటివ్.

మా సైన్సు మేడమ్‌ను నేను అడిగాను. "మేడమ్, నెగిటివ్ అంటే లేనట్టేనా?" మేడమ్ వెంటనే జవాబు చెప్పలేదు. మా తాత సంగతి ఆమెకు తెలుసు. "పుల్ల సరైన చోట తగలకపోతే రాదు. నమూనా వేడిలో చాలాసేపు ఉండిపోయి ఆర్ఎన్ఏ చెడిపోతే రాదు. జబ్బు ముక్కు వదిలి ఊపిరితిత్తులకు దిగిపోయినా ముక్కులో దొరక్కపోవచ్చు. నెగిటివ్ అంటే ఆ నమూనాలో దొరకలేదు అని" అన్నారు.

దొరకలేదు. లేదు కాదు. బ్రాక్ రాక ముందు 73 డిగ్రీలు దాటిన నీళ్ళలో జీవం లేదు అని రాసిన పుస్తకాలు కూడా, దొరకలేదు అని రాసి ఉండాల్సింది. మే నెల ఎండలో తాత నమూనా ఎన్ని రోజులు ఏ డబ్బాలో ఉందో మాకు ఎవరూ చెప్పలేదు. థామస్ బ్రాక్ 94 ఏళ్ళకు 2021 ఏప్రిల్ 4న పోయాడు. మా తాత కంటే నెల రోజులు ముందు. ఆ నెలలో ప్రపంచమంతా రోజూ లక్షల పుల్లలు ముక్కుల్లోంచి తీసి, ఆయన గుంటలో దొరికిన ఎంజైముతోనే పరీక్షలు చేస్తా ఉంది.

తాత పుట్టినప్పుడు మా ఊరు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయినాయి, మా సిరుగుప్ప తాలూకా ఇటు మైసూరులో కలిసింది. బోర్డులు కన్నడంలోకి మారినా తాత నాకు ఇసుకలో దిద్దించింది తెలుగు అక్షరాలే. ఆయన గురించి వచ్చిన చివరి కబురు ఆయనకు రాని భాషలో వచ్చింది.

ఈ వ్యాసం రాయడం అయిపోయిన రాత్రి అవ్వకు మొత్తం చదివి వినిపించాను. ఆమె అండా కింద పొయ్యి ఎగదోస్తా విన్నది. నీళ్ళు కాగినాయో లేదో ఎప్పటిలాగే వేలు ముంచి చూసింది. తోకలు మొలిచే వైరస్ దగ్గర, "దానికి కూడా ప్రాణం ఉన్నట్టా?" అని అడిగింది. ఆ విషయం మీద శాస్త్రవేత్తలే ఇంకా కొట్లాడుకుంటున్నారు అవ్వా, అన్నాను. తాత రిపోర్టు దగ్గర మేడమ్ చెప్పిన మాట రెండు సార్లు చదివించుకుంది.

"అయితే ఉండొచ్చు, ఉండకపోవచ్చు" అంది.

"ఊ" అన్నాను.

"ఉండకపోయి ఉంటే నేను మొహం చూసి ఉండేదాన్ని కదే."

నేను ఏమీ చెప్పలేకపోయాను. నీళ్ళు కాగినాయి, పోయి స్నానం చెయ్యిపో అంది. ఆ పాత ఫోను ఇప్పుడు పని చేయదు. నాయన అమ్మేద్దామంటే అవ్వ ఒప్పుకోలేదు. బీరువాలో తాత కళ్ళద్దాల పక్కన పెట్టింది.